రసానికో జల్లెడ, మురుక్కో జల్లెడ

చక్కెర మిల్లులో నాలుగు సీజన్లు చేసిన వాళ్లెవరినైనా అడగండి, డీఎస్ఎం అంటే తడుముకోకుండా చెప్తారు. మిల్లు రోలర్ల కింద పడేది అచ్చమైన రసం కాదు, సన్న పిప్పి కలిసిన చిక్కటి నీరు. దాన్ని పైకెత్తి, వంపు తిరిగిన ఒక స్టీలు జల్లెడ నెత్తిన పోస్తారు. రసం సందుల్లోంచి కిందికి దిగిపోతుంది. పిప్పి జల్లెడ మీదుగానే జారి మళ్లీ మిల్లులోకి వెళ్తుంది. ఆ జల్లెడకి మోటారు లేదు, బెల్టు లేదు, బేరింగు లేదు. కదిలే ముక్క ఒక్కటీ లేదు. నెదర్లాండ్స్ ప్రభుత్వ బొగ్గు గనుల సంస్థ డచ్ స్టేట్ మైన్స్ 1950లలో బొగ్గు కడిగే పని కోసం దీన్ని తయారుచేసింది. డీఎస్ఎం అన్నది ఆ సంస్థ పేరే. అక్కడి గనులు 1970లలోనే మూతపడ్డాయి. వాళ్ల జల్లెడ మాత్రం మన చెరకు మిల్లుల్లో ఇప్పటికీ పనిచేస్తోంది.

వెలగపూడి రామకృష్ణ గారు 1941లో కేసీపీ చక్కెర సంస్థ మొదలుపెట్టిన నాటి నుంచి ఉయ్యూరు పేరు చెరకుతో ముడిపడింది. కృష్ణా జిల్లాలో పెరిగిన మా తరానికి ఫ్యాక్టరీ అనగానే కళ్ల ముందుకొచ్చేది చెరకు ఫ్యాక్టరీయే. చెరకు సాగు తగ్గింది, పొలాలు చెరువులయ్యాయి, ఇప్పుడు ఫ్యాక్టరీ అంటే చాలా ఊళ్లలో రొయ్యల ప్లాంటు. నేను మాత్రం ఈ ఫ్యాక్టరీల లోపలి వైపు నుంచి పనిలోకి రాలేదు. వెనక గోడ వైపు నుంచి వచ్చాను. ఆ గోడ పక్కన ఈటీపీ, అంటే మురుగు శుద్ధి ప్లాంటు, ఉంటుంది. అందులో మొట్టమొదట ఉండాల్సిన పరికరం ఈ జల్లెడే. అక్కడ దాని పేరు స్టాటిక్ స్క్రీన్. అదే వంపు, అదే స్టీలు, అవే సన్న సందులు. రసం బదులు మురుగు పోస్తారు, అంతే తేడా.

ఆ తేడా చిన్నది కాదని చెప్పడానికే ఈ వారం ఇది రాస్తున్నాను.

చక్కెర మిల్లులో రసం జల్లెడని ఆవిరితోనో వేణ్ణీళ్లతోనో పదేపదే కడుగుతారు. కడక్కపోతే జిగురు పట్టేస్తుంది. ఆ జిగురులో లూకోనోస్టాక్ అనే సూక్ష్మజీవి పెరిగి చక్కెరని తినేస్తుంది. పోయిన చక్కెర మర్నాడు ల్యాబ్ కాగితంలో తేలుతుంది, చీఫ్ కెమిస్టు ఊరుకోడు. జల్లెడ తీగల అంచులు అరిగితే ఫిట్టరు దాన్ని విప్పి, తల కిందుగా తిప్పి మళ్లీ బిగిస్తాడు. ఎందుకంటే అరిగేది నీళ్లు తగిలే వైపు అంచే, రెండో వైపు అంచు ఇంకా పదునుగానే ఉంటుంది. ఈ ఓపికంతా, ఈ పనితనమంతా లోపలి జల్లెడకి దక్కుతుంది. వెనక గోడ దగ్గరి జల్లెడకి మాత్రం తనిఖీకి ఎవరో వస్తున్నారని తెలిసిన రోజున చీపురు తగులుతుంది. ఎండి అట్టకట్టిన పొట్టు మీదుగా మురుగు పొర్లి, అటు పిప్పి గుంటలోకీ ఇటు ట్యాంకులోకీ కలిసే పారుతుంటుంది. ఒకటి కాదు, ఇలాంటివి ఎన్నో చూశాను. చూసిన ప్రతిసారీ బాధేసింది. ఎందుకంటే ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పరికరం ఈటీపీలో ఇంకోటి లేదు.

అసలిది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. చాలామంది దీన్ని పిండి జల్లెడ లాంటిది అనుకుంటారు. నా దృష్టిలో ఇది జల్లెడ కన్నా చేటకి దగ్గర చుట్టం. చేటలో గింజనీ పొట్టునీ వేరుచేసేది కన్నాలు కావు, వాలూ కదలికా. ఇక్కడ వాలు స్టీలుది, కదలిక నీటిది. పైన ఒక తొట్టి ఉంటుంది. మురుగు అందులో నిండి, అంచు మీదుగా వెడల్పుగా, పల్చటి పొరలా పొర్లుతుంది. పైభాగంలో జల్లెడ దాదాపు నిటారుగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ చదునవుతుంది. తీగలు నీటి దారికి అడ్డంగా పరిచి ఉంటాయి. ఒక్కో తీగని కోసి చూస్తే పైన వెడల్పు, కింద సన్నం. నీరు తీగ ఒంటిని అంటిపెట్టుకుని పోతుంది గనుక, ప్రతి తీగ అంచూ ఆ పొరలోంచి ఒక సన్నని పాయని చెక్కి కిందికి తిప్పుతుంది. గట్టి ముక్క నీళ్లంత సులువుగా మలుపు తిరగలేదు. జారి ముందుకు పోతుంది. అందుకే 1 మిల్లీమీటరు సందున్న జల్లెడ 1 మిల్లీమీటరు ముక్కనే కాదు, దాదాపు అందులో సగం ఉన్న ముక్కని కూడా చాలావరకు ఆపగలదు. సందు పైన ఇరుకు, కింద వెడల్పు. కాబట్టి లోపలికి దూరిన ముక్క ఇరుక్కోకుండా కిందికి రాలిపోతుంది. మామూలు తీగ జాలీలో ఈ సుఖం లేదు. రెండు తీగలు దాటుకునే చోట ప్రతి నలుసూ చిక్కుకుంటుంది, నార అయితే మెలేసుకుంటుంది.

మురుగు పనుల్లో సాధారణంగా 0.25 నుంచి 1.5 మిల్లీమీటర్ల సందు పెడతారు. సందు ఎంత సన్నమైతే అంత మేలనుకోవడం సరికాదని నా అభిప్రాయం. మరీ సన్నం చేస్తే కొవ్వు పట్టి కళ్లు మూసుకుపోతాయి. ఆపరేటరు విసుగెత్తి పక్క దారి తెరుస్తాడు. అప్పుడు సందు ఎంత సన్నదైనా ఒకటే.

ఇక అసలు సంగతి. ఈ జల్లెడ గొప్పతనం ఎంత సన్నగా వడగడుతుందన్నదాంట్లో లేదు, ఎంత ముందుగా వడగడుతుందన్నదాంట్లో ఉంది. రొయ్య తలకాయ నేల మీద ఉన్నంతసేపూ చెత్త. తూములో పడ్డాక గంట గంటకీ అది నీళ్లుగా మారుతుంటుంది. లోపలి మాంసం నానుతుంది, రసం దిగుతుంది, మన ఎండల్లో పొద్దున పడ్డది సాయంత్రానికి మెత్తబడి కంపు కొడుతుంది. గట్టి ముక్కగా ఉన్నప్పుడు దాన్ని ఏరడానికి వాలు చాలు. కరిగిపోయాక దాన్ని తీయడానికి పగలూ రాత్రీ గాలి కొట్టే బ్లోయర్లు కావాలి, బ్యాక్టీరియాని బతికించుకోవాలి, స్లడ్జ్‌ని పిండాలి, ఆ స్లడ్జ్‌ని మళ్లీ ఎక్కడో పడేయాలి. ప్రతి మెట్టుకీ కరెంటు బిల్లు. ముక్కని ముక్కగా ఉండగానే పట్టుకోవాలన్న ఈ ఒక్క మాట డిజైను కాగితం మీద గీత గీసేటప్పుడే గుర్తుంటే, మిగతా ప్లాంటు పని చాలా తేలికవుతుంది.

కాగితం మీద జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకే రకం. షెడ్డు నుంచి వచ్చిన మురుగంతా ముందు ఒక గుంటలో చేరుతుంది. అక్కడి నుంచి వేగంగా తిరిగే పంపు దాన్ని పైకి తోస్తుంది. ఆ తర్వాత జల్లెడ. పంపు రెక్కల కింద పడ్డ రొయ్య తల జల్లెడకి చేరేసరికి పేస్టు అయిపోతుంది. పేస్టుని ఏ జల్లెడ ఆపుతుంది? ఆపలేదు. అప్పుడు జల్లెడ దండగన్న పేరు మిగులుతుంది.

దీనికి మన నేల కూడా ఒక కారణం. స్టాటిక్ స్క్రీన్‌కి కరెంటు అక్కర్లేదు గానీ ఎత్తు కావాలి. పైన తొట్టి నుంచి కింద కాలువ దాకా మనిషి నిలువు దాకా పల్లం కావాలి. డెల్టాలో దొరకనిది అదే. బెజవాడ దాటి తూర్పుకి పోతే సముద్రం దాకా నేల చాప పరిచినట్టే ఉంటుంది. ఈ చదునులో పల్లమంటే ఎంత విలువైనదో ఇక్కడి జనానికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట చేసింది నదిని ఆపడం కాదు, నీటిమట్టాన్ని ఎత్తి పట్టుకోవడం. ఆ ఎత్తు ఉంది కాబట్టే ఒక్క పంపు లేకుండా లక్షల ఎకరాలకి నీళ్లు నడిచి వెళ్లాయి. 1952లో అది తెగాక, 1957లో ప్రకాశం బ్యారేజీ ఆ పని అందుకుంది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఇప్పటికీ ఆ ఎత్తు మీదే బతుకుతున్నాయి. పల్లాన్ని ఎలా దాచుకోవాలో, ఎలా ఖర్చు పెట్టుకోవాలో తెలిసిన నేలలో ఫ్యాక్టరీ కట్టేటప్పుడు మాత్రం షెడ్డు నేలని రోడ్డుకి సమానంగా పోసేసి, మురుగుని భూమిలోకి దించి, మళ్లీ పంపుతో ఎత్తుతాం. షెడ్డు పునాదే ఒకటిన్నర మీటరు లేపితే పంపు లేకుండానే జల్లెడ నడుస్తుంది. అది కుదరని చోట మెల్లగా తిరిగే స్క్రూ పంపు పెట్టుకోవచ్చు, ముక్క చితకదు. లేదా ఒలిచే బల్లల వరస చివరే చిన్న జల్లెడ ఒకటి పెట్టి, గుంటలోకి పడకముందే పొట్టు తీసేయొచ్చు. నాకు నచ్చిన పద్ధతి ఈ మూడోది. చిన్నది కాబట్టి కడగడం సులువు, ఎదురుగానే ఉంటుంది కాబట్టి మూసుకుపోతే అందరికీ కనిపిస్తుంది.

రొయ్యల ప్లాంట్లు ఈ జల్లెడకి మెట్టినిల్లు అనొచ్చు. 2009లో వనామీ రొయ్యకి దేశంలో అనుమతి వచ్చాక తీరమంతా చెరువులు తవ్వుకుంది. రొయ్యల దిగుబడిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిది. రొయ్య బరువులో తలా పొట్టూ కలిపి సగానికి దగ్గరగా ఉంటాయి. అంటే లారీ నిండా సరుకు ప్లాంటులోకి వస్తే, సగం లారీ చెత్త అక్కడే మిగులుతుంది. పెంకు గట్టిగా, పలుచగా, రేకులా ఉంటుంది కాబట్టి వాలు మీద చక్కగా జారుతుంది. ఉప్పు నీళ్ల కడుగు ఎక్కువ గనుక స్టీలు మామూలు 304 రకం కాకుండా 316 రకం వేయించుకోవాలి, లేకపోతే కొన్నాళ్లకే గుంటలు పడుతుంది.

అలాంటి ఒక ప్లాంటులో ఈటీపీ చూసే పెద్దాయన ఉండేవాడు. నేను బాబాయ్ అనేవాణ్ని. కొత్త జల్లెడ బిగించిన వారానికి వెళ్తే ఒక చేత్తో బ్రష్షు, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని ఉన్నాడు.

"ఎలా ఉంది బాబాయ్, బానే నడుస్తోందా?"

"నడుస్తోందండీ. దీనికి కరెంటు అక్కర్లేదని సార్లకి చెప్పారంట, బానే ఉంది. మనిషి కూడా అక్కర్లేదని ఎవరు చెప్పారండీ?"

మోటారు లేదు కాబట్టి డ్యూటీ మనిషిని తీసేశారని అప్పుడు తెలిసింది. పంపు గది పనితో పాటు ఇది అదనంగా ఆయన మెడకే చుట్టారు. ఆయన అడిగినవి రెండే: షిఫ్టుకోసారి వేణ్ణీళ్లు, జల్లెడ పక్కన నిలబడ్డానికి ఒక మెట్టు. బాయిలర్ నుంచి గొట్టం లాగడానికి పెద్ద ఖర్చేమీ కాలేదు, మెట్టుకి అంతకన్నా తక్కువ. జల్లెడని కడిగే మనిషికి అక్కడ నిలబడ్డానికి చోటు చూపించని డ్రాయింగ్ మీద నేను ఆ తర్వాత సంతకం పెట్టలేదు.

షెడ్డు లోపల ఒలిచే పని అంతా ఆడవాళ్లదే. "అక్కా, ముందు పొట్టు ఊడ్చేసి తర్వాత పైపు పట్టండి, కాలువలో సగం బరువు తగ్గుతుంది" అని వాళ్లని అడిగితే, వాళ్లలో పెద్దావిడ నా ముఖం చూసి, "ఊడవడానికి టైమిస్తే ఊడుస్తాం బాబూ. ఈ లోడు అవకముందే ఇంకో లారీ వచ్చేస్తది" అంది. కిలోల లెక్కన కూలి కట్టే చోట చీపురు పట్టిన నిమిషాలు వాళ్ల జేబులోంచే పోతాయి. ఊడ్చే నిమిషాలకి కూడా కూలి కడితే జల్లెడ మీద పడే భారం తగ్గుతుంది, నీళ్లు తగ్గుతాయి, ఏరేషన్ బిల్లు తగ్గుతుంది. ఇంజనీరింగు లెక్కలో కూలి రేటు కూడా ఒక అంకె కావాలని నాకు నేర్పింది ఆ షెడ్డే.

ఈ జల్లెడ చేయలేనివి చాలా ఉన్నాయి, వాటినీ చెప్పాలి. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్లు నానబెట్టిన నీళ్లలో ఉండే బరువంతా కరిగినదే. జల్లెడ ఊకనీ తాలునీ ఆపుతుంది, అసలు బీఓడీ, అంటే నీటిలో కుళ్లి ఆక్సిజన్ తినేసే భారం, దాన్ని దాటుకుని పోతుంది. పాల డెయిరీల్లో కొవ్వు తీసే తొట్టి ముందు లేకపోతే జల్లెడ జిడ్డుతో మూసుకుపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. పెడన కలంకారీ అద్దకంలో రంగు నీళ్లకి ఇది ఎందుకూ పనికిరాదు. కోళ్లు కోసే చోట్ల, పండ్ల గుజ్జు తీసే చోట్ల, చెరకు మిల్లుల్లో మాత్రం బాగా పనికొస్తుంది. పరికరం అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు, కొనేవాళ్లు అడగాలి.

ఇదంతా ఫ్యాక్టరీ గోడ లోపలి సంగతి అనుకుంటే అది డెల్టా తెలియకపోవడమే. గుడివాడ, కైకలూరు, బంటుమిల్లి వైపు చాలా ఊళ్లలో బోరు వేస్తే ఉప్పు నీళ్లు. కాలువ వదిలినప్పుడు నింపుకున్న మంచినీటి చెరువే ఏడాది పొడుగునా ఆధారం. మురుగు వెళ్లేది సాగు కాలువలోకి కాదు, డ్రెయిన్‌లోకే అంటారు. డ్రెయిన్ నీళ్లని శివారు రైతు ఇంజను పెట్టి వరికి తోడుకుంటాడు, చేపల చెరువులవాళ్లు నింపుకుంటారు. బుడమేరు బెజవాడ మురుగుని కలుపుకుని కొల్లేరు చేరుతుంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. దాన్నుంచి సముద్రానికి ఉన్నది ఉప్పుటేరు ఒక్కటే దారి. పైనుంచి వచ్చిన ప్రతి నలుసూ కొల్లేరులో ఆగి అడుగుకి దిగుతుంది. పక్క డెల్టాలో, భీమవరం దగ్గర తుందుర్రు ఆక్వా ఫుడ్ పార్కు విషయంలో గొంతేరు డ్రెయిన్ పాడవుతుందని ఊళ్లకి ఊళ్లే, ముఖ్యంగా ఆడవాళ్లు, రోడ్డెక్కారు. వాళ్ల భయాన్ని చదువులేనితనం అని కొట్టిపారేసిన వాళ్లని నేను విన్నాను. ఏ డ్రెయిన్‌లో ఏ నెలలో ఏ రంగు నీళ్లు పోతాయో ఆ ఆడవాళ్లకి తెలిసినంత మాకు తెలియదు.

నీటి కాలుష్య చట్టం 1974 నుంచీ ఉంది. నదిలోకో డ్రెయిన్‌లోకో వదిలే నీళ్లలో లీటరుకి 100 మిల్లీగ్రాములకి మించి తేలే ఘనపదార్థాలు ఉండకూడదు, బీఓడీ 30 దాటకూడదు. ఇది సాధారణ పరిమితి. చక్కెర మిల్లులకి 2016లో ఇంకా బిగించారు, కాలువల్లోకి వదిలే నీళ్లలో ఘనపదార్థాలు 30 మిల్లీగ్రాములకే పరిమితం. స్టాటిక్ స్క్రీన్ ఒక్కటే మురుగుని ఈ అంకెలకి తీసుకురాలేదు. అది మొదటి మెట్టే. కానీ మొదటి మెట్టు తప్పితే చివరి అంకె నెలల తరబడి తప్పుతూనే ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఈ తప్పు బాగా బయటపడుతుంది. పైనుంచి పలచన చేసే నీళ్లు ఉండవు, డ్రెయిన్‌లో పారేది మనం వదిలిందే.

పట్టుకున్నదాన్ని ఏం చేస్తున్నామన్నదీ జల్లెడ పనిలో భాగమే. చక్కెర మిల్లు ఈ విషయంలో మంచి గురువు. రసంలోంచి తీసిన పిప్పి మిల్లులోకే వెళ్తుంది. బాయిలర్ వైపు నుంచి జల్లించిన సన్న పిప్పిని మడ్డిలో కలిపి ఫిల్టరు మీద వేస్తే రసం బాగా దిగుతుంది, మిగిలిన కేకు పొలానికి ఎరువవుతుంది. రొయ్య పొట్టు నుంచి కైటిన్ తీస్తారు, ఎండబెట్టి మేతలోనూ వాడతారు. కానీ కొనేవాడు తడి పొట్టుని ఆ రోజుకారోజే తీసుకెళ్తే సరుకు, రెండు రోజులు గోడ పక్కన పడి ఉంటే ఈగలు. వానొస్తే అదంతా మళ్లీ డ్రెయిన్‌లోనే. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగాక, డ్రెయిన్ గట్టున పోసిన ఏ కుప్పా గట్టునే ఉంటుందని నేను నమ్మడం లేదు. కింద గచ్చు, పైన రేకు, ఊట మళ్లీ జల్లెడ తొట్టిలోకి. ఇంతే కావాల్సింది.

ఇప్పుడు నేను వెళ్లే ప్లాంట్లలో ముందుగా ఒకటే అడుగుతున్నాను. షిఫ్టు రిజిస్టరులో ఒక గడి అదనంగా గీసి, జల్లెడ మీద నుంచి ఎన్ని కిలోలు దిగిందో తూచి రాయమంటున్నాను. కాటా ఎలాగూ ప్లాంటులో ఉంటుంది. దాని పక్కనే ఆ షిఫ్టులో ఎంత సరుకు ఒలిచారో రాస్తారు. ఈ రెండు అంకెలూ కలిసి నడవాలి. సరుకు తగ్గకుండా పొట్టు బరువు పడిపోయిందంటే తీగ తెగి ఉండాలి, లేదా అంచులు అరిగి ఉండాలి, లేదా ఎవరో బైపాస్ తెరిచి ఉండాలి. బరువు ఉన్నట్టుండి పెరిగిందంటే పొట్టు నీళ్లోడుతూ దిగుతోంది, జల్లెడ కళ్లు మూసుకుపోతున్నాయి. ఒక ప్లాంటులో రాత్రి షిఫ్టు అంకె ఎప్పుడూ పగటి అంకెలో మూడో వంతే ఉండేది. వెళ్లి చూస్తే రాత్రిపూట బాయిలర్ ఆపేస్తున్నారు, వేణ్ణీళ్లు లేవు. జిడ్డు పట్టిన జల్లెడ మీదుగా మురుగు పొర్లి పక్క తూములోకి పోతోంది, పొట్టుతో సహా. ఇప్పుడక్కడ రాత్రికి సరిపడా వేణ్ణీళ్లు సాయంత్రమే ట్యాంకులో పట్టి ఉంచుతున్నారు. ఆ గడిలో అంకె తప్పితే షిఫ్టు ఇంచార్జి సంతకం పెట్టే ముందు జల్లెడ చూసే మనిషిని పిలిచి అడుగుతున్నాడు, లోపల రసం లెక్క తప్పితే కెమిస్టు అడిగినట్టే.